కారణం అన్న గడి

పెన్రిత్ మైదానం పక్కన రేకుల గది.
మెర్విన్ ట్రెగెన్జా ముప్పయ్యొక్క ఏళ్లు స్కోరు రాసి
ఈ శనివారం పెన్సిలు నా చేతికిచ్చాడు.
మోకాళ్లు మాట వినడం లేదట.

పాత పుస్తకాలు అరటిపళ్ల అట్టపెట్టెలో ఉన్నాయి.
ప్రతి పేజీ అడుగునా ఒక గడి:
ఆట ఆగింది, కారణం.
తొలి పుస్తకం నిండా వాన.
వాన, వాన, వెలుతురు చాలక, వాన,
ఒకసారి పిచ్ మీద పాము.

తొమ్మిదో ఏట మొదటిసారి "ఎండ".
పక్కన ఆశ్చర్యార్థకం.
రెండో ఎండ కోసం ఆరేళ్ల పేజీలు తిప్పాను,
మూడోదానికి మూడేళ్లు.
తర్వాత తిప్పనక్కర్లేకపోయింది.
ఒక వేసవంతా "పొగ".
ఈమధ్య మొదటి అక్షరం ఒక్కటే గీకుతున్నాడు.

మా వైపు రోళ్లు పగలాలన్నా
రోహిణి కార్తె దాకా ఆగుతాయి.
ఇక్కడ పుష్యమాసం, పొద్దున పదిన్నర,
పిచ్ నెర్రెలు విచ్చింది.
మెర్విన్ ఒక నెర్రెలోకి పెన్సిలు దించాడు.
రబ్బరు దాకా పోయింది.

వికెట్ల వెనక పదకొండేళ్ల పిల్ల
గ్లౌజులోంచి చెమట ఒంపుతోంది.
అంపైర్ బెయిల్స్ ఎత్తేశాడు.
పదిహేడో ఓవర్లో నాలుగు బంతులే.
మిగతా రెండింటికీ చుక్కలు పెట్టబోతే
మెర్విన్ నా చెయ్యి పట్టుకున్నాడు:
"చుక్క అంటే పడిన బంతి.
ఇవి పడలేదు."

గడి దగ్గర ఆగాను.
పూర్తిగా రాయనా, పొడి అక్షరమా?
"నీ ఇష్టం" అన్నాడు, కారు తాళాలు వెతుక్కుంటూ.

ఎండ, అని తెలుగులో రాశాను.
పక్కన ఆశ్చర్యార్థకం పెట్టాను.
వంగి చూశాడు.
ఆ రెండక్షరాలూ అతనికి తెలియవు.
మూడోది చాలాసేపు చదివాడు.