డబ్బాల అర్ర

నల్లా వచ్చి ఐదేండ్లాయె.
మా ఇంట్ల ఒక అర్ర మాత్రం
ఇంకా ట్యాంకర్ కోసం ఎదురుచూస్తనే ఉంది.
తలుపు తీస్తే చాలు
తెల్లవి, నీలంవి, మందు వాసన పోని పచ్చవి
ఒకదాని మీదొకటి ఎక్కి కూసున్న డబ్బాలు
"వచ్చిందా?" అన్నట్టు నోర్లు తెరుస్తయి.

బేస్తారం పనికి పోకుండ కొంగు దోపిన.
లెక్కవెడితే ముప్పై ఒకటి.
మూతలు పందొమ్మిది.
ఒక్క మూతన్న ఒక్క డబ్బాకు సరిగ్గ కూసుంటే ఒట్టు.

అత్త అండాలు గడప మీదికొచ్చింది.
వంగని మోకాలు ముందుకు చాపుకొని
చేతుల చాట లేకున్నా చెరుగుతున్నట్టే ఊగుకుంట
"అది ఉంచు" అన్నది.
ఇంకోటి ఎత్తిన.
"అది గూడ ఉంచు."
"నల్లా ఉంది గద అత్తా?"
"నల్లా సర్కారుది. డబ్బా నాది."

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు,
చీపురు ఉంది.

కంచె అవతల నుంచి ఈదమ్మ కొడుకు
"ఒక్క అగ్గిపుల్ల గీస్తే అయిపాయె వదినా" అన్నడు.
మొన్న వాళ్లు కాల్చిన యూరియా సంచుల పొగ
మా దుప్పట్లల్ల ఇంకా పండుకునే ఉంది.
మర్రిగూడ దిక్కు పుట్టినోళ్లం,
బోరునీళ్లను బొక్కలల్ల దాసుకున్నం.
ఇగ పొగను గూడ పానంల దాసుకోవాల్నా?

కాల్చలే.
వాగుల పారెయ్యలే.
పురుగుమందువి ఆరు వేరే పెట్టిన.
అడుగుకు మొల దిగ్గొట్టి,
మళ్ల ఎవ్వరు నీళ్లు ముంచకుండ తూట్లు వొడిచి,
అమ్మిన కొట్టుకే తిరిగి అప్పజెప్పాలె.
"వీటిల్ల గూడ నీళ్లు పట్టిన్రా అత్తా?"
"కడిగి పట్టినం"
అన్నదామె, తప్పంతా కడగకపోతేనే అన్నట్టు.

నడుములు మంచిగున్నవి నాలుగు, కత్తి కాల్చి కోసిన.
రెండిట్ల పుదీన, ఒకదాంట్ల కాకర.
ఒకటి ఏమైతదో నాకే తెల్వదు,
కోడి అప్పుడే దాంట్ల దిగి చూసింది.
బడి మొక్కలకు తొమ్మిది పోయినయి,
పిల్లలు డప్పు కొట్టుకుంట మోసుకపోయిన్రు.

అడుగున్న దొరికింది బిందె.
ఇత్తడిదని చెబితే గాని తెల్వనంత నల్లగ.
చింతపండు పిప్పి, పొయ్యిల బూడిద,
రెండు గంటలు నా రెక్కలు.
తోముతుంటే మెడ దగ్గర అక్షరాలు తేలినయి,
అత్త తల్లిగారి పేరు, ఒక పొల్లు తప్పుతోటి.

పాతసామాన్ల మౌలాలి బండి ఆపి
తక్కెడ తగిలించిండు.
పదకొండు డబ్బాలు పైకి కిందికి ఊగినయి.
ఇన్నేండ్లు మా భుజాలు దించిన బరువు
ఖాళీగ తూస్తే ఏడు కిలోలు.

ఇగ ఒక్కటే మిగిలింది.
ఐదు లీటర్ల నూనె డబ్బా.
పట్టుకునే కాడ మూరెడు పేలిక చుట్టి ఉంది.
పోచంపల్లి అంచు, రంగు ఒకప్పటిది.
నా పెనిమిటి బిక్షం ఏడేండ్లప్పుడు
రెడ్డి బాయి కాన్నుంచి మోసిన డబ్బా.
వేళ్లు కోసుకపోవద్దని
తన చీర చింపి చుట్టిందట.

"ఉంచు" అంటదని చూసిన.
అనలే.
తనే ముడి విప్పింది,
గోరుతోటి, పంటితోటి, శానాసేపు.
డబ్బాను మౌలాలి దిక్కు నూకి
"దీన్ని తూకం వెయ్యకు, ఊకెనే తీస్కపో" అన్నది.
పేలికను సుట్టబట్ట చేసి
బిందె కింద పెట్టింది.
బిందె ఒకసారి కదిలి, కూసుంది.

పొద్దుమీకి బిక్షం వచ్చి
అర్ర తలుపు తీసిండు.
"అమ్మా" అంటే
ఆ గోడలు మొదటిసారి మారుపలికినయి.
గోధుమ చారల పండ్లతోటి నవ్విండు,
నోరు మూసుకోవాలన్నది మరిచి.

మూతలనైతే నేనే మరిచిన.
గూట్ల పందొమ్మిది అట్లనే ఉన్నయి.
అత్త వాటిని చాటల పోసుకొని
పెద్దవి ఒక దిక్కు, చిన్నవి ఒక దిక్కు
రాళ్లు ఏరినట్టు ఏరుతున్నది.
"అవి గూడ ఇచ్చేద్దామా?"
"తొందరేంది," అన్నది,
"రేపు చూద్దాం."