పదో మాట

జిరాక్స్ షాపు మీద మూడో అంతస్తు.
తాళంచెవి నా దగ్గరుంటుంది.
శుక్రవారం నాలుగింటికే వచ్చి
చాపలు పరుస్తాను, బిందె నింపుతాను,
లైట్లన్నీ వేసి పెడతాను.
పొద్దు గూకాక మేం ఏ స్విచ్చూ ముట్టం.

ఫ్యాను గాలికి ఆరిపోతాయని
వంటగట్టు మీద వెలిగిస్తుంది కెజీయా అత్త రెండు వత్తులు,
ఆ పైన కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుంటుంది.
వేళ్ళ వెనక ఏం అడుగుతుందో
ఇన్నేళ్ళలో నేనడగలేదు.

కిస్‌మిస్ నానబెట్టి పిండిన తీపినీళ్ళు స్టీలు గ్లాసులో.
కుక్కర్లో ఇసక పోసి కాల్చిన జడరొట్టెలు రెండు,
మీద తెల్ల తువ్వాలు.
పాయలల్లింది నేనే. ఒకటి వంకర.

లిఫ్టు ఉన్నా మెట్లెక్కి వస్తారు:
లాలాగూడ నుంచి నడిచొచ్చిన నహూము,
హీబ్రూని గుంటూరు యాసలో చదివే అన్నదమ్ములు,
నడక దూరంలో గది దొరికిందని మురిసిపోతున్న హైఫా కుర్రాడు,
ఇంకా కొందరు.
మధ్యలో తాడు మీద పాత వెంకటగిరి చీర.
ఇవతల నేనూ అత్తా.

మాలో మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టరు.
పది మాటలున్న ఒక వాక్యం ఉంది.
ఓవదియా తాత ఒక్కో తల మీద ఒక్కో మాట పెట్టుకుంటూ పోతాడు.
తొమ్మిది తలలు. తొమ్మిది మాటలు.
పదోది నోట్లోనే మిగులుతుంది, నమలని వక్కలా.
ఆ మాటకి ఎల్లకాలం అని అర్థం.

పోయిన నెల దాకా అది సైమన్ పెన్కర్ గారి మీద పడేది.
ముప్పైరెండేళ్ళు రైల్వే వర్క్‌షాపు,
సబ్బుకి లొంగని గ్రీజు గోళ్ళు,
పాట ఎత్తుకుంటే మాత్రం చీర కూడా ఊగేది.
ఆయన కోసం కొడుకు చదవాల్సిన ప్రార్థన
నాలుగు వారాలుగా నహూము గొంతులోనే ఉంది.
పదిమంది లేందే పైకి అనకూడదు.

ఆ రాత్రి సగం పాటలో
టక్కుమని గది మొత్తం చీకటి.
ఎదుటి మేడలో టీవీ నవ్వుతూనే ఉంది.
మా ఒక్కరికే పోయింది.
గుమ్మం పక్క డబ్బాలో చిన్న మీట పైకి నెడితే చాలు,
నెట్టకూడదు. నెట్టమని ఎవర్నీ అడగకూడదు.
చెమటలు కారుతూ కూర్చున్నాం.

అప్పుడు ఓవదియా తాత, ఎందుకో,
మళ్ళీ లెక్క మొదలెట్టాడు.
తలలు కనబడవు కదా,
ఊపిరి చప్పుడు మీద ఒక్కో మాట.
అన్నదమ్ముల్లో చిన్నవాడి ఆయాసం మీద ఒకటి,
హైఫా కుర్రాడి దగ్గు మీద ఒకటి...
ఊపిరికి చీర అడ్డమా?
నేను బిగబట్టాను. ఎంతసేపని?
వదిలేశాను.

ఎల్లకాలం, అన్నాడు తాత.

ఎవరూ కదల్లేదు.
నహూము లేచిన చప్పుడు.
చూసి చదవక్కర్లేని మాటలు
ముందు తడబడుతూ, తర్వాత తెగిన పైపులా.
మేం ఆమెన్ అన్న ప్రతిసారీ
గుమ్మం దగ్గర ఇంకో గొంతు
అర క్షణం ఆలస్యంగా ఆమెన్ అంది.

ప్రార్థన అయిపోయాక వెలుతురు కొట్టింది కళ్ళల్లో.
మీట మీద వేలుతో వాచ్‌మన్ యాద్గిరి.
“కింద నుంచి సూస్తే కిటికీ నల్లగున్నది.
ఏంది సార్, చీకట్ల కూసున్నరు?
మీరు దేవుణ్ణి యాది చేస్తున్నరని ఆగిన.”

ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
కెజీయా అత్త వంకర రొట్టెలోంచి పెద్ద ముక్క తుంచి
ఉప్పద్ది యాద్గిరి చేతిలో పెట్టింది.
నహూము చాలాసేపు అద్దాలు తుడుచుకున్నాడు.

అంతా వెళ్ళాక మిగిలింది ఓవదియా తాత.
బోయిన్‌పల్లి దాకా నడవలేడు, శుక్రవారాలు ఇక్కడే పడక.
దిండు అందిస్తుంటే అన్నాడు,
“చూపు మందం గానీ అమ్మా, చెవులు బానే ఉన్నాయి.
యాద్గిరి మెట్లెక్కితే చెప్పుల చప్పుడొస్తుంది.
అది లెక్క అయ్యాకే వచ్చింది.”

మిగతాది చెప్పలేదు.
గోడ వైపు తిరిగి పడుకున్నాడు.
నెత్తిమీద లైటు, ఆర్పేవాళ్ళు లేక,
తెల్లార్లూ వెలిగింది.