పదకొండు కోట్లు

మా పెట్టుబడి పదకొండు కోట్లు అని
ఫోన్లో చెబితే మా మామయ్యకి పొలమారింది.
తొడుక్కునే కోట్లు మామా,
చిక్‌పేట ఆదివారం సంతలో
గొంతు పోయేదాకా బేరమాడి కొన్నవి.

నల్లవి ఆరు, నీలానివి నాలుగు.
మిగిలినదాని రంగేమిటో ఇప్పటికీ తేల్లేదు,
ట్యూబులైటు కింద బూడిద, ఎండలోకొస్తే ఆకుపచ్చ.

ఇంటర్వ్యూల కాలంలో మత్తికెరె హాస్టళ్లలో
ఇంగ్లీషు ఉన్నవాడికి కోటుండదు,
కోటున్నవాడికి నిద్రుండదు.
రోజుకి నూట ఇరవై, డిపాజిట్టు మూడొందలు.
లెక్కలు తరన్నుమ్‌వి, తిరుగుడు ప్రాణేశ్‌ది,
నా పనేమిటో
ప్రాజెక్టు రిపోర్టులో 'వ్యూహం' అని రాసుకున్నాను.

వ్యూహమంటే
వచ్చినవాడి భుజాలు చూసి 'నలభై' అనడం,
చేతులు పొట్టయితే
'ఇప్పుడిదే ఫ్యాషన్' అనడం.

తిరిగొచ్చిన కోట్ల జేబుల్లో
సిటీబస్సు టికెట్లు, ఒక లవంగం,
'నా బలహీనత: మరీ ఎక్కువ కష్టపడతాను'
అని తొమ్మిదిసార్లు రాసి కొట్టేసిన కాగితం.
నవ్వుతామనుకున్నాం.
తరన్నుమ్ దాన్ని డబ్బుల డబ్బా మూతకి లోపలివైపు అంటించింది.

జనవరిలో చెడింది.
క్యాంటీన్లో గిన్నెలు తోమే కుర్రాడికి
ఏదో షోరూములో ఉద్యోగమని
ప్రాణేశ్ ఒక కోటు ఊరికే ఇచ్చేశాడు,
మూడ్రోజులు, అదీ గిరాకీ రోజుల్లో.
నష్టంలో రాస్తానంది తరన్నుమ్.
నష్టం కాదన్నాడు.
అప్పా? అప్పూ కాదన్నాడు.
ధర్మమా మరి? ఆ మాటకి వాడికి ఎక్కడలేని కోపమొచ్చింది.
చివరికి ఆ పిల్ల పుస్తకంలో కొత్త గడి గీసి
పైన పేరు రాయకుండా వదిలేసింది.
నాలుగు రోజులు ముగ్గురికీ మాటల్లేవు.
నేను మధ్యవర్తిత్వం చేశానా అంటే
లేదు, టీ తాగడానికి వేరే దారిలో వెళ్లాను.

అయినా ఆ నాలుగు రోజులూ
ఏ కోటూ ఆలస్యంగా వెళ్లలేదు.
ఎలా వెళ్లిందో అప్పుడు ఆలోచించలేదు.
మూలమీద ఇస్త్రీ బండి నింగరాజు
ఊడిన గుండీ కుట్టి, సిరామరకకి నిమ్మకాయ రుద్ది,
ఎవరిది ఎవరికో కాలరు లోపల సుద్దముక్కతో గుర్తు పెట్టి
మా ముగ్గురిలో ఎవరొస్తే వాళ్ల చేతిలో పెట్టేవాడు.
మా పుస్తకంలో ఆయన
'ఇస్త్రీ ఖర్చు, కోటుకి పదిహేను.'

నా వంతొచ్చిన రోజు రంగు తేలని కోటే మిగిలింది.
అద్దం బల్లకి అవతల ముగ్గురు.
బృందంతో కలిసి చేసిన పని చెప్పమన్నారు.
నేను మొదలుపెట్టాను, నేను నడిపించాను,
గొడవొస్తే నేను సర్దిచెప్పాను అన్నాను.
ఏసీ చల్లగానే ఉంది.
చంకలో చెమట ఆ కోటుకొక్కదానికే తెలుసు.

వెనక్కివ్వడానికి బండి దగ్గరికెళ్తే
ఏమడిగారన్నాడు నింగరాజు. చెప్పాను.
బొగ్గుల మీద విసురుతూనే
"నావు మాడిద్దు హేళిద్యా?" అన్నాడు.

మన తెలుగుకి రెండు మాటలున్నాయి.
'మేము' అంటే ఎదుటివాణ్ణి గుమ్మం బయట నిలబెట్టడం,
'మనం' అంటే బల్లమీద కాస్త జరిగి చోటివ్వడం.
కన్నడంలో రెంటికీ 'నావు' ఒక్కటే.
మీరు చేసింది అనలేదు ఆయన,
నువ్వు చేసింది అనలేదు.
చేసినవాళ్లలో తనున్నాడు, సరే.
నన్ను కలుపుకున్నాడా?
అడగొచ్చు.
ఏ వ్యాకరణంతో అడగను?

చెప్పాననలేదు, చెప్పలేదనలేదు.
ఆయన అలవాటుగా కోటు జేబులు తడిమాడు.
నా కాగితం దొరికింది,
రాత్రంతా బట్టీపట్టిన నా జవాబు,
ప్రతి వాక్యానికీ మొదట్లో 'నేను.'
చెమటకి తడిసి, నాలుగు మడతలు పడి ఉంది.
పనికొచ్చే కాగితమనుకున్నాడో ఏమో,
బండిమీద పరిచి, పైన తడిగుడ్డ వేసి,
కోటుకిచ్చిన శ్రద్ధే దానికీ ఇచ్చి
ఒక్క ముడత లేకుండా ఇస్త్రీ చేసి
నా చేతిలో పెట్టాడు.

వేడిగా ఉంది.
దీనికెంత అన్నాను.