రాకకు కారణం

రెండో మంగళవారం, రాత్రి పదకొండు దాటాక
రాయగడలో టైర్ల కొట్టు మీద మా క్లబ్బు.
లాడ్జీ మేనేజర్లం, పదకొండు మందిమి.
మెట్ల మీద ఎవరి అడుగు చప్పుడైనా
అందరం సగం లేచి, సిగ్గుపడి కూర్చుంటాం.

ముక్కలు పంచేది బెహరా,
గదులిచ్చినట్టే, మొహం చూసి.
ఓడినవాడు "ఆజ్ఞా" అనాలి.
ఒడియాలో అది ఒప్పుకోలు,
నా తెలుగు చెవికి ఇంకా ఉత్తర్వే.
గెస్టుల పేర్లెత్తకూడదని రూలు.
"మూడొందల రెండు
మళ్లీ తువ్వాలు పట్టుకుపోయాడు"
అని నంబర్లతోనే నవ్వుకుంటాం.

ఈసారి దండాసి గారు ముక్కలు ముట్టలేదు.
లాడ్జీ అమ్మేశారట ఓనర్లు.
ముప్పై ఒక్కేళ్లు, కౌంటరు వెనక కుర్చీలోనే కునుకు.
"ఒక్క రాత్రి గెస్టుగా తొంగుంటాన్రా."

ఆట ఆపి రోడ్డు దాటాం.
ఆయన చేతిసంచి కోసం పదిమందీ పోటీ.
మా కౌంటరు మీద రిజిస్టరు ఆయనవైపు తిప్పాను.
ఎక్కడినుంచి: రాయగడ.
ఎక్కడికి: రాయగడ.
రాకకు కారణం దగ్గర పెన్ను ఆగింది.
స్టేషన్లో ఏదో బండి వచ్చి, కూసి, వెళ్లిపోయింది.

"నిద్ర" అని రాశారు.

అడ్వాన్సు, అనబోయి
నాలిక కరుచుకున్నాను.