ఎండబోయే తేమ

ఏటుకూరు రోడ్డులో మా కోల్డ్ స్టోరేజీ.
బయట వాన రాని శ్రావణం, ఉక్క.
లోపల డెబ్బై వేల టిక్కీల మిరప
గోనె కప్పుకుని నిద్ర.
ఆ నిద్రకి బాండ్లు రాసే గుమాస్తాని నేను.

నిద్రలోనే ఎదుగుతుంది సరుకు.
మార్చిలో పన్నెండు వేలకి పడుకున్న తేజ
ఇవాళ పంతొమ్మిది మీద ఒత్తిగిల్లింది.
ఎవరూ నీళ్లు కట్టలేదు,
ఎవరూ పురుగు ఏరలేదు.

స్టాకు లెక్కకొచ్చిన ఆడిటర్ వకుళ గారు
కరెంటు పోతే వరండాలోకొచ్చి
కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు:
పెరిగిన రేటు మీదా పన్ను వేస్తే ఎట్లా ఉంటుందీ,
ఊరికే అడుగుతున్నా.

పూర్ణచంద్రరావు గారి కుర్చీ కిర్రుమంది.
"అమ్మందే లాభమెక్కడమ్మా?
ఆలు లేదు, చూలు లేదు,
కొడుకు పేరు సోమలింగమా?
రేపు రేటు పడితే
కట్టింది తిరిగిస్తాడా సర్కారోడు, వడ్డీతో?"

"చూలే లేకపోతే
బారసాలకి బ్యాంకు డబ్బెట్లా ఇచ్చిందండీ?"

నిజమే.
ఆయన బాండ్లు నా చేత్తోనే రాశాను.
వాటిని తాకట్టు పెట్టి
పేరేచర్లలో మూడెకరాలు కొన్నాడు.
ఒక్క టిక్కీ కదల్లేదు, ఒక్క రూపాయి పన్ను పడలేదు.
అదే మిరప
బ్యాంకులో సొమ్ము,
పన్నాఫీసులో కల.

అయినా ఆయనా ఊరికే అనలేదు.
"మా సుభద్రక్కకి రింగు రోడ్డు పక్కన తొమ్మిది సెంట్లు.
కాగితం మీద కోటీశ్వరురాలు.
తినేది కోటా బియ్యం.
ఏం కోసిమ్మంటారు ఆవిడని?
గుమ్మమా? వంటగదిలో సగమా?"

దీనికి వకుళ గారు వెంటనే మాట్లాడలేదు.
హద్దు పెట్టాలి, అన్నారు చివరికి.
ఇంత దాటిన వాళ్లకే అని.
ఆ గొంతులో కొంచెం అలసట.
ఎక్కడ గీత గీసినా
దానికి జానెడు ఇవతల
పెళ్లాం పేరుతో, బావమరిది పేరుతో నిలబడే వాళ్ల ఫైళ్లన్నీ
ఆవిడ చేతుల మీదుగానే పోతాయి మరి.

లారీ దింపి, భుజం మీద కండువా పిండుకుంటూ
నాగుల్ మీరా అడిగాడు.
"నాకొకటి చెప్పండయ్యా.
యార్డులో రైతు బస్తా కాటా ఎక్కితే తరుగు తీస్తారా?
ఎందుకయ్యా అంటే, తేమ ఉంది,
రేపు ఎండుద్ది, తూకం తగ్గుద్ది అంటారా?
ఇంకా ఎండలేదుగా.
ఎండబోయే తేమకి ఇవాళే కోత.
పెరిగి కూచున్న రేటుకి మాత్రం
అమ్మిందాకా ఆగాలా?"

జనరేటరు ఛాంబర్లకి మాత్రమే.
మాకు చీకటి, దాని మోత.
అవతల తొడిమలు తీస్తున్న ఏసుమణి
ఘాటుకి మూడుసార్లు తుమ్మింది.
పూర్ణచంద్రరావు గారు టీ చప్పరించాడు.
"తరుగు వేరు, పన్ను వేరు," అన్నాడు.
ఎట్లా వేరో చెప్పలేదు.
నాగుల్ మీరా అడగనూ లేదు,
రేపు కూలి రాసేది ఆయనే కదా.

"నువ్వేమంటావు గుమాస్తా?"

లెడ్జరులో రెండొందల పన్నెండో పేజీ.
పద్నాలుగు టిక్కీలు, మా ఆవిడ పేరు మీద,
చీటీ పాట డబ్బుతో కొన్నవి.
పొద్దున్నే పళ్లు తోముకోకముందే
యార్డు రేటు వింటాను.
ఆ అమ్మని డబ్బుతో
మేడ మీద గది వేసేశాను మనసులో.
స్లాబు ఆరింది కూడా.
నిన్న రాత్రి కిటికీకి ఏ రంగని
మేమిద్దరం పోట్లాడుకున్నాం.
ఆ గదికి కొలత ఎవరు పట్టాలి?
పడితే, న్యాయమేనా?
న్యాయమే అనిపించింది
పూర్ణచంద్రరావు గారి వైపు చూసినప్పుడు.
నా వైపు చూసుకున్నప్పుడు కాదు.

"కరెంటొచ్చినట్టుంది," అన్నాను.
రాలేదు.
మీటరు చూసొస్తానని లోపలికెళ్లాను
టార్చిలైటుతో.
అంత చలిలో, అంత చీకట్లో,
డెబ్బై వేల గోనెల మధ్య
నా పద్నాలుగూ
వెతక్కుండానే దొరికాయి.