పాటు నీళ్ళలో ఎర్రోడూ నేనూ

ముప్పై మూడేళ్ళు పోర్టులో టగ్గు నడిపేను.
నాకంటే వందరెట్లు పెద్ద ఓడల్ని
ముక్కుతాడేసి లాక్కొచ్చేను
డాల్ఫిన్ నోస్ కింది ఇరుకు దారంట.
ఎవరి సరుకో, ఎవరి తొందరో.
వైర్‌లెస్‌లో ఎప్పుడూ ఒకటే గొంతు:
"ఎక్కడున్నావ్? ఎంతసేపు?"

ఇప్పుడు నాకున్నవి
గనగళ్ళ పోలరాజు వలలమ్ముకున్నాక
పదమూడు వేలకి వదిలేసిన ఫైబర్ పడవ,
తుమ్ము వచ్చీ రానట్టు స్టార్టయ్యే మోటారు,
ఒక కుక్క.

కుక్క పేరు ఎర్రోడు.
ఇనప ఖనిజం కుప్పల సందున పుట్టేడు.
నెల పిల్లప్పుడు జేబులో వేసుకుని తెస్తే
మా నూకరత్నం నూతికాడ కూచోబెట్టి
మూడు బక్కెట్లు గుమ్మరించింది.
ఎరుపంతా కాలవలోకి పోయింది,
తెల్ల కుక్క మిగిలింది.
పేరు మాత్రం కడగలేకపోయేం.

తెల్లారగట్ట భీమిలి లైట్‌హౌస్ దాటి
గోస్తనిలోకి మళ్ళుతాం.
సముద్రం మా వీపుమీద కాసేపు అరుస్తుంది,
తర్వాత దానికి వేరే పనులుంటాయి.

మోటారు ఆపేస్తాను.
తెడ్డు వేస్తాను, అదీ గుర్తొచ్చినప్పుడు.
ఎర్రోడు ముందు పలక మీద కూచుని
ఒక్కో రేవునీ ముక్కుతో తనిఖీ చేసి
పాస్ చేస్తాడు.
మడచెట్ల వేళ్ళలో పీతలు
మమ్మల్ని చూసి తలుపులేసుకుంటాయి,
మేం దాటకముందే విసుగెత్తి తీస్తాయి.
వంతెన మీద బస్సు ఎవరిమీదో హారన్ కొడుతుంది.
మా మీద కాదు.

ఇవాళ లెక్క తప్పింది.
పోర్టులో పోటూ పాటూ
గోడమీద కాగితంలో నిమిషాలతో సహా ఉండేవి.
ఇక్కడ నీళ్ళు
చెప్పకుండా లేచెళ్ళిపోయిన చుట్టంలా
మెల్లగా జారుకున్నాయి.
పడవ ఇసకమేట మీద కూలబడింది.

ఎర్రోడు అటు చూసేడు, ఇటు చూసేడు,
దూకేసేడు.
నీళ్ళు వాడి మోకాళ్ళకి కూడా రాలేదు.
నది నడుమ నడుచుకుంటూ పోతున్నాడు,
మధ్యలో ఆగి
నన్ను చూస్తున్నాడు.

గుల్లలేరుకునే మనిషి ఒకర్తి
చీర ఎగదోపి, గంప నడుమునెట్టుకుని:
"ఏటి మావా, కుక్కేమో నడుస్తంది,
నువ్వేమో పడవలో కూకున్నావు.
ఎవులు ముందెల్తారని పందెమేటి?"

నవ్వేను.
నా ఉద్యోగంలో నేల తగలడమంటే
ఎంక్వైరీ, సంతకాలు, ఇంక్రిమెంటు కోత.
ఒకసారి తగిలింది కూడా.
ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇవాళ తిన్నాను.
చోడంబలి, పచ్చి ఉల్లిపాయ, వేపిన నెత్తళ్ళు.
తలకాయలు ఎర్రోడివని ఒప్పందం,
చివరికి తోకలూ వాడివే అయ్యేయి,
మధ్య భాగం గురించి చెప్పను.

ఫోను మోగింది. నూకరత్నం.
"ఎక్కడున్నావ్? ఎంతసేపు?"
"ఇక్కడే. నీళ్ళొచ్చేదాకా."
అటునుంచి కాసేపు మాట లేదు.
కుక్కర్ కూత ఒకటి వినబడింది.
తర్వాత అడిగింది,
"కుక్క తిందా?"

మధ్యాహ్నం వాలింది.
ఎర్రోడు కాళ్ళకి నల్ల మేజోళ్ళలా బురద తొడుక్కొచ్చి
ఒళ్ళంతా నా మీదే విదిలించి
నా పాదం మీద గెడ్డం ఆనించి పడుకున్నాడు.
ఒక లకుముకి పిట్ట వచ్చి
మోటారు మీద వాలింది.
అది ఆడే వస్తువు కాదని దానికి తెలిసినట్టుంది.

ముందు వాడి చెవి లేచింది.
నాకేం తెలీలేదు,
ముప్పై మూడేళ్ళ సర్వీసు.
కాసేపటికి అడుగున ఇసక గరగరమని
పడవని వదిలింది.

పోటు మమ్మల్ని పైకి తోస్తోంది,
ఇంటి వైపు కాదు.
తెడ్డు చేతిలోకి తీసుకున్నాను.
ఎర్రోడు ఒక కన్ను తెరిచి
తెడ్డునీ నన్నూ చూసేడు.

సరేలే అని
కింద పెట్టేసేను.