వైమే

మెదడులో ఎడమవైపు దారి మూసుకుపోయాక
వర్లాం దగ్గర ఒక్క మాటే మిగిలింది.
వైమే.

మా కుతాయిసీలో ఆ మాట పలకని నోరు లేదు.
పాలు పొంగినా వైమే, పిల్లాడు పడినా వైమే,
బజార్లో అక్రోటు కాయల ధర విన్నా వైమే.
విడదీస్తే "అయ్యో, నాకు" అని అర్థం.
ఎవరూ విడదీయరు.
రోజూ దాటే గడపని వంగి చూసేదెవరు?
మా అమ్మ పోయిన రోజు నేనూ అన్నాను,
లాటరీలో ఇస్త్రీపెట్టె తగిలిన రోజూ అన్నాను.
రెండింటికీ తేడా నా గొంతుకి తెలుసు. నాకు తెలియదు.

పోయిన మాటల్ని తిరిగి నేర్పడం నా ఉద్యోగం.
ఆసుపత్రి రెండో అంతస్తు, కిటికీ కింద రియోని నది,
బల్ల మీద బొమ్మల అట్టలు.
కప్పు చూపిస్తాను. వైమే.
గొడుగు. వైమే.
గుర్రం. ఈసారి చాలాసేపు ఆలోచించి,
నుదురు తుడుచుకుని, వైమే.
రిజిస్టర్లో రాశాను: "అర్థం లేని శబ్దం, పదే పదే."
ఆ వాక్యానికి తర్వాత సిగ్గుపడ్డాను.

మూడోవారానికి గానీ నాకు చెవులు మొలవలేదు.
తోక తెగిన వైమే ఒకటుంది, సూప్ నాలుక కాల్చినప్పటిది.
"వై" దగ్గర ఆగి "మే"ని కిందికి జారవిడిచేది ఇంకొకటి,
పక్కమంచం ఖాళీగా కనబడ్డ పొద్దున విన్నాను.
వరదకి రియోని ఎర్రబడి పొంగితే
పెదాలే కదిలాయి, గాలి రాలేదు.
కూతురు మక్వాలా జుట్టు పొట్టిగా కత్తిరించుకుని
బతూమీ నుంచి దిగిన రోజు
"వై" మెట్లెక్కుతూ పోయింది, "మే"కి ఊపిరి చాల్లేదు.
"బాగాలేదా నాన్నా?" అందామె నవ్వుతూ.
దానికి జవాబూ వైమేనే.
బాగుందో లేదో ఇప్పటికీ తేలలేదు.
నోటుబుక్కులో పది రకాలు రాసుకున్నాను.

ఆయన పని గురించి మక్వాలానే చెప్పింది.
నలభై ఏళ్లు అచ్చు కూర్చేవాడు,
సీసపు అక్షరాలు, గళ్ల పెట్టె, నల్లబడ్డ బొటనవేలు.
మే నెల ఊరేగింపులొస్తే
నినాదాలన్నిటి చివరా ఆశ్చర్యార్థకాలే.
వర్ధిల్లాలి, ఆశ్చర్యార్థకం. ముందుకు, ఆశ్చర్యార్థకం.
మధ్యాహ్నానికల్లా ఆ గడి ఖాళీ.
ఊళ్లో మాత్రం ఎవరూ దేనికీ ఆశ్చర్యపోయేవారు కాదు.
సన్నగీత ముక్క కింద చుక్క ముక్క ఇరికించి
ఎలాగో పేజీ నింపేవాడు.
రాత్రి రొట్టె తుంచుకుంటూ అనేవాడట,
"ఇవాళా చాల్లేదు."

నాకొక ఆలోచన వచ్చింది, నేనేదో తెలివైనదాన్నన్నట్టు.
మూతపడ్డ ప్రెస్సు కాపలాదారు బిచికోని బతిమాలి
ఒక్క ముక్క తెచ్చాను, జేబురుమాల్లో చుట్టి.
చూడగానే పెద్ద వైమే ఊడిపడుతుంది కదా,
కొత్తది, పదకొండోది.
పెన్ను మూత కూడా తీసి పెట్టుకున్నాను.

ఆయన ఏమీ అనలేదు.
ముక్కని వేళ్ల మధ్య దొర్లించాడు,
గోటితో దాని వీపు మీది గాడి వెతికాడు,
చూడకుండానే నిటారుగా నిలబెట్టాడు
గుర్రానికీ గొడుగుకీ మధ్య.
వెనక్కి వాలి చూశాడు. అక్కడ నప్పలేదు.
తీసి, నా అరచెయ్యి తిప్పి, అందులో పెట్టి,
నా వేళ్లని ఒక్కొక్కటే మూసేశాడు.
సీసం. గోరంత ముక్క, ఎంత బరువు.

"వైమే," అన్నాను.

కుడిచెయ్యి లేవదు. ఎడమ చూపుడువేలు ఎత్తాడు,
రోజూ నేను ఎత్తినట్టే.
మళ్లీ అనమన్నాడు.
అన్నాను.
తల అడ్డంగా ఊపాడు.
ఇంకోసారి.